ఎనిమిది కోర్ల ఫోన్ రెండు కోర్ల ఫోన్ ముందు ఎందుకు ఓడిపోతోంది?

పాతపేజీలు అడుగుతున్నారు:

నేను పాత పత్రికల స్కాన్లు చదివే మనిషిని. ఒక్కో పీడీఎఫ్ నాలుగు వందల పేజీలకు తక్కువ ఉండదు. ప్రతి పేజీ ఒక పెద్ద బొమ్మ, అక్షరాలు విడిగా ఉండవు. ఈ పని కోసమే వెతికి వెతికి ఎనిమిది కోర్ల (చిప్‌లో లెక్కలు చేసే భాగాల) ఫోన్ కొన్నాను. పెట్టె మీద 'ఆక్టాకోర్, 2.3 గిగాహెర్ట్జ్' అని ఫోన్ పేరు కన్నా పెద్ద అక్షరాల్లో వేశారు.

మా అక్క దగ్గర ఐఫోన్ 6ఎస్ ఉంది. 2015 నాటిది, గాజు ఒక మూల పగిలింది, బ్యాటరీ ఒకసారి మార్పించింది. అందులో కోర్లు రెండే, 1.85 గిగాహెర్ట్జ్. మొన్న ఆదివారం ఒకే ఫైలు రెండు ఫోన్లలోకీ ఎక్కించి, పక్కపక్కన పెట్టి, ఒకటి, రెండు, మూడు అని ఇద్దరం ఒకేసారి నొక్కాం. అక్క ఫోన్‌లో పేజీ వచ్చేసింది. నా దాంట్లో బూడిదరంగు తెర మధ్య గుండ్రంగా తిరుగుతూనే ఉంది. పేజీ తిప్పిన ప్రతిసారీ అదే వరస. "ఎనిమిది మంది ఉన్నారన్నావు, అందరూ ఎక్కడికి పోయార్రా?" అంది అక్క. నా దగ్గర జవాబు లేదు.

కోర్లు నాలుగు రెట్లు. క్లాక్ వేగం, అంటే ఆ గిగాహెర్ట్జ్ అంకె, కూడా నాదే ఎక్కువ. ఏ లెక్కన చూసినా నేనే గెలవాలి కదా? ఫోన్‌లో ఇన్ని కోర్ల వల్ల నిజంగా ఉపయోగం ఉందా, లేక పెట్టె మీద అచ్చు వేసుకోవడానికేనా? ర్యామ్ తక్కువ, స్టోరేజ్ నిండిపోయింది లాంటివి చెప్పకండి, అవి చూసుకున్నాను. సగానికి పైగా ఖాళీయే.

చిప్పులచిట్టా:

అచ్చు వేసుకోవడానికే అని సగం ఒప్పుకోవచ్చు. ఈ పోటీ మొదలైనప్పటి నుంచీ చూస్తున్నాను.

2011లో ఎల్‌జీ ఆప్టిమస్ 2ఎక్స్ వచ్చింది, ఎన్‌విడియా టెగ్రా 2 చిప్‌తో, రెండు కోర్లు. మాకు అప్పుడు అదే పెద్ద వింత. ఆ తర్వాతి టెగ్రా 3లో నాలుగు కోర్లు, వాటి వెనక తేలిక పనులకు ఇంకో చిన్న కోర్. 2013లో గెలాక్సీ ఎస్4 ఒక రకంలో ఎక్సినోస్ 5 ఆక్టా వేశారు. పేరుకు ఎనిమిది, కానీ నాలుగు పెద్దవీ నాలుగు చిన్నవీ కలిసి పనిచేయవు. ఒక జట్టు లేస్తే ఇంకో జట్టు పడుకోవాలి. అంటే ఏ క్షణం చూసినా నాలుగే.

అదే ఏడాది మీడియాటెక్ ఎనిమిదీ ఒకేసారి పనిచేసే చిప్ తెస్తోందంటే, క్వాల్‌కామ్ అధికారి ఒకాయన ఎనిమిది కోర్లనేది తెలివితక్కువ పని అని బాహాటంగానే అన్నారు. మరుసటి ఏడాది క్వాల్‌కామే స్నాప్‌డ్రాగన్ 615 అని ఎనిమిది కోర్ల చిప్ ప్రకటించింది! ఆ తర్వాత మీడియాటెక్ హీలియో ఎక్స్20లో పది కోర్లు పెట్టింది. ఇటు యాపిల్ మాత్రం 2015 ఫోన్లలో కూడా రెండు కోర్ల దగ్గరే కూర్చుంది. మీ అక్కగారి ఫోన్‌లో ఉన్నది అదే, ఏ9 చిప్.

కాబట్టి నా తీర్పు ఒక్కటే. కోర్ల సంఖ్యను చూసి ఫోన్ కొనడం దండగ. పదిమంది చేతిలో పాము చావదని ఊరికే అన్నారా!

థంబ్‌నెయిల్‌మేస్త్రి:

చిట్టాగారి చరిత్ర సరైనదే, తీర్పు మాత్రం సగమే సరైనది. ఫొటోల గ్యాలరీ యాప్ రాయడం నా ఉద్యోగం, ఆరేళ్లుగా ఇదే. బొమ్మ తెరుచుకోవడం ఎందుకు ఆలస్యం అని రోజూ ఎవరో ఒకరు తిడుతూనే ఉంటారు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు మీ పీడీఎఫ్. స్కాన్ చేసిన పేజీలు ఎక్కువగా లోపల జేపెగ్ బొమ్మలే. జేపెగ్‌లో సమాచారాన్ని హఫ్‌మన్ కోడింగ్‌తో కుదించి, పొడవాటి ఒకే బిట్ల వరుసగా పేరుస్తారు. ఒక్కో సంకేతం పొడవు ఒక్కోలా ఉంటుంది. ఇది ఎక్కడ అయిపోయిందో తెలిస్తేగానీ తర్వాతది ఎక్కడ మొదలో తెలియదు. చుట్టిన దారపుండ లాంటిది, నడిమి నుంచి విప్పడం కుదరదు. మధ్యమధ్య రీస్టార్ట్ మార్కర్లు (ఇక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చనే గుర్తులు) పెట్టి ఉంటే ముక్కలుగా విడదీయవచ్చు, కానీ నా చేతికి వచ్చిన స్కాన్లలో అవి ఉన్నవి చాలా తక్కువ. అంటే ఒక పేజీని విప్పేది ఒక్క కోరే. అక్కగారికి జవాబు ఇది: మిగతా ఏడుగురూ ఎక్కడికీ పోలేదు. అక్కడే ఉన్నారు, వాళ్లకు పంచడానికి పని లేదు.

మరి ఆ ఒక్క కోర్ ఎలాంటిది? మీరు చెప్పిన వివరాలను బట్టి మీ ఎనిమిదీ కార్టెక్స్-ఏ53 తరహా చిన్న కోర్లు అయి ఉండాలి. ఏ53 ఒక క్లాక్‌కి, అంటే ఒక్కో అడుగుకి, మహా అయితే రెండు ఆదేశాలు తీసుకుంటుంది, అవి కూడా రాసిన వరుసలోనే. కావలసిన డేటా మెమరీ నుంచి రావడం ఆలస్యమైతే అక్కడే ఆగిపోతుంది, వెనక ఉన్నవన్నీ దాని వెనకే ఆగుతాయి. ఏ9లో కోర్ అలా కాదు. ముందున్నది ఆగితే వెనక ఉన్నవాటిలో సిద్ధంగా ఉన్నవాటిని ముందు చేసేస్తుంది, ఒక్క క్లాక్‌లో మోసే ఆదేశాలూ ఎక్కువే. పక్కనే 3 ఎంబీ ఎల్2 క్యాషే (కోర్‌కు దగ్గరగా ఉండే చిన్న, వేగమైన నిల్వ) ఉంది కాబట్టి మెమరీ దాకా పోవాల్సిన అవసరం తక్కువ. గిగాహెర్ట్జ్ అంటే అడుగులు ఎంత చకచకా పడుతున్నాయన్నదే. ఒక్కో అడుగు ఎంత పొడుగో పెట్టె మీద వేయరు.

కాసేపు లెక్క వేసి చూద్దాం. పది సెకన్ల పని ఒకటి ఉంది, అందులో సగమే పంచుకోగలిగేది అనుకోండి. ఎనిమిది చిన్న కోర్లకు ఇస్తే పంచుకోలేని సగానికి 5 సెకన్లు, మిగతా 5ను ఎనిమిదితో భాగిస్తే 0.6, మొత్తం 5.6. అదే పనిని రెట్టింపు వేగం ఉన్న రెండే రెండు కోర్లకు ఇస్తే 2.5, దాని మీద 1.25, మొత్తం 3.75. చిన్న కోర్లు వంద పెట్టినా 5 సెకన్ల కిందికి మాత్రం దిగదు. జీన్ ఆమ్డాల్ 1967లోనే చెప్పిన మాట ఇది, అప్పుడు ఆయన మాట్లాడింది గదంత కంప్యూటర్ల గురించి.

ఇంతవరకూ చదివి చిట్టాగారు నవ్వుకుంటుంటారు. ఆగండి.

నా దగ్గర ఒక పాత రూట్ చేసిన (సిస్టమ్ లోపలి సెట్టింగులు కూడా మార్చుకోగలిగే) ఫోన్ ఉంది, నాలుగు పెద్ద కోర్లు, నాలుగు చిన్నవి. ఒక వారం పాటు కోర్లను ఒక్కొక్కటిగా ఆపి దాన్నే వాడాను. (సున్నా నంబరు కోర్ చిన్నది, దాన్ని మాత్రం ఆపనివ్వలేదు.) ముందు రెండు పెద్దవి, ఆ ఒక్క చిన్నది ఉంచాను. మెసేజ్‌లు, బ్రౌజర్, మ్యాపులు అన్నీ మామూలుగానే ఉన్నాయి. నిజం చెప్పాలంటే మొదటి రోజు ఏదో సెట్టింగ్ సరిగ్గా పడలేదేమో అని మళ్లీ చూసుకున్నాను. రెండో రోజు యాప్‌లు అప్‌డేట్ అవుతుండగా స్క్రోల్ చేస్తే తెలిసింది తేడా, వేలికీ తెరకూ మధ్య రబ్బరు సాగినట్టు. తర్వాత పెద్దవి నాలుగూ ఆపి చిన్నవి నాలుగే ఉంచాను. ఇక చూడండి, ప్రతి యాప్ తెరవడానికీ ఎదురుచూపే. చివరికి ఒక పెద్దది, ఒక చిన్నది మిగిల్చాను. అప్‌డేట్ నడుస్తుండగా పాట తెగిపోవడం మొదలైంది, అరపూటకే విసుగొచ్చి అన్నీ ఆన్ చేసేశాను.

దీని వెనక కారణం ఇది. 60 హెర్ట్జ్ తెర, అంటే సెకనుకు 60 సార్లు మారే తెర మీద ఒక్కో ఫ్రేమ్ గీయడానికి ఉన్న సమయం 16.6 మిల్లీసెకన్లు, 120 హెర్ట్జ్ అయితే 8.3. మీ వేలికి స్పందించే పని మెయిన్ థ్రెడ్ చేస్తుంది (థ్రెడ్ అంటే యాప్‌లో విడిగా నడిచే ఒక పనుల వరుస). 2014లో ఆండ్రాయిడ్ 5 నుంచి గీత పనికి రెండర్ థ్రెడ్ అని విడిగా పెట్టారు. వీటి వెనక నెట్‌వర్క్, డేటాబేస్, చెత్త మెమరీ ఏరడం, బొమ్మలు విప్పడం, యాప్ కోడ్‌ను కంపైల్ చేయడం, నోటిఫికేషన్లు. ఒకే ఒక్క కోర్ ఉంటే ఇవన్నీ ఆ 16 మిల్లీసెకన్ల కోసం కొట్టుకోవాలి. రెండు మూడు ఉంటే గీసేవాడి దారికి ఎవరూ అడ్డురారు. కాబట్టి మొదటి రెండు మూడు కోర్ల లాభం చాలా పెద్దది, కంటికి కనిపిస్తుంది. నాలుగోది కొంచెం. ఆ తర్వాతవి వేగం కోసం కాదు.

మరి దేనికోసం? బ్యాటరీ కోసం. నాకు ఈ విషయం అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. కోర్ తినే కరెంటు ఫ్రీక్వెన్సీతో పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది. ఫ్రీక్వెన్సీ తగ్గిస్తే వోల్టేజీ కూడా తగ్గించుకోవచ్చు. ఉదాహరణకు ఫ్రీక్వెన్సీ సగం చేసి వోల్టేజీని 1 నుంచి 0.7కు దించారనుకోండి. 0.7 వర్గం 0.49, దానిలో సగం అంటే దాదాపు నాలుగో వంతు. రెండు కోర్లు సగం వేగంతో కలిసి అదే పని చేస్తే మొత్తం ఖర్చు సగమే. ఆర్మ్ సంస్థ 2011లో పెద్ద, చిన్న కోర్లను కలిపి పెట్టే బిగ్‌లిటిల్ పద్ధతిని తెచ్చినప్పుడు చెప్పినదీ ఇలాంటిదే, మెయిల్ వచ్చిందా అని చూడటానికి పెద్ద కోర్‌ను ఎందుకు లేపాలి అని. జేబులో ఉన్నంతసేపూ మీ ఫోన్ బతికేది చిన్న కోర్ల మీదే. పగలంతా చార్జ్ ఉందంటే దానిలో వాటి వాటా ఉంది, కాకపోతే అది కంటికి కనిపించదు. మీ ఫోన్‌తో ఇబ్బంది ఏంటంటే అందులో చిన్నవాళ్లే ఉన్నారు, బరువు ఎత్తడానికి పెద్దవాడు లేడు.

అర్ధరాత్రిగేమర్:

మేస్త్రి గారూ, గేమ్స్ సంగతి వదిలేశారు. నేను ఆడేవాటిలో ఎనిమిది కోర్లూ వాడుతున్నట్టు కోర్ల వాడకం చూపే మానిటర్ యాప్‌లో కనిపిస్తుంది. అంతెందుకు, హెచ్‌డీ వీడియో చూడాలన్నా ఎనిమిది కోర్లు లేకపోతే కష్టమే కదా?

థంబ్‌నెయిల్‌మేస్త్రి:

వీడియో విషయం తప్పు బ్రదర్. వీడియో విప్పడానికి చిప్‌లో విడిగా ఒక భాగం ఉంటుంది, ఆ ఫార్మాట్ దానికి వచ్చినంతవరకు సీపీయూ దాదాపు ఖాళీయే. రాని ఫార్మాట్ అయితేనే పని కోర్ల మీద పడి ఫోన్ వేడెక్కుతుంది.

గేమ్స్‌లో మీరన్నది కొంత నిజం. ఫిజిక్స్, ధ్వని, ఫైళ్లు ఎక్కించడం వేరువేరు థ్రెడ్లలో నడుస్తాయి. 2016లో ఆండ్రాయిడ్ 7తో వల్కన్ అనే కొత్త గ్రాఫిక్స్ పద్ధతి వచ్చాక గ్రాఫిక్స్ ఆదేశాలు తయారుచేసే పనిని కూడా పంచడం కుదిరింది, పాత ఓపెన్‌జీఎల్‌లో ఆ భారమంతా ఆచరణలో ఒక్క థ్రెడ్ మీదే పడేది. అయినా మానిటర్‌లో ఎనిమిది గీతలు కదలడం చూసి మోసపోకండి. ఒకే పనిని సిస్టమ్ ఈ కోర్ నుంచి ఆ కోర్‌కి తిప్పుతున్నా ఎనిమిదీ కదులుతున్నట్టే కనిపిస్తుంది. పైగా పావుగంట ఆడాక చూడండి, వేడికి అన్నీ వేగం తగ్గించుకుంటాయి. మామూలు ఫోన్‌లో ఫ్యాన్ ఉండదు కదా.

నేను చేసిన ఘనకార్యం కూడా ఒకటి చెప్పాలి. మా గ్యాలరీలో కొత్త ఆల్బమ్ తెరిస్తే వందల ఫొటోలకు చిన్న బొమ్మలు తయారుచేయాలి. ఇది నిజంగా పంచగలిగే పని, ఒక ఫొటోకీ ఇంకో ఫొటోకీ సంబంధమే లేదు. ఫోన్‌లో ఎన్ని కోర్లున్నాయో అడిగి, ఎనిమిది అనగానే ఫొటోలను ఎనిమిది సమాన వాటాలు చేసి ఎనిమిది థ్రెడ్లకు ఇచ్చాను. నా మెషీన్ మీద అద్భుతం. ఫోన్ మీద పెద్ద కోర్లు తమ వాటా ముగించి గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాయి, చిన్న కోర్ల దగ్గర సగం ఆల్బమ్ ఇంకా అలాగే ఉంది. మొత్తం సమయం ఎప్పుడూ అందరికన్నా నిదానమైన కోర్ చెప్పినంతే. దానికితోడు ఎనిమిదీ బిజీ కావడంతో స్క్రోల్ చేసే థ్రెడ్‌కు చోటు దొరక్క తెర బిగుసుకుపోయింది. రిలీజైన రెండో రోజు రివ్యూలు చదివితే నాకు అన్నం సహించలేదు.

తర్వాత వాటాలు తీసేసి ఒకటే క్యూ పెట్టాను, ఖాళీ అయినవాడు వచ్చి ఒక్కో ఫొటో పట్టుకెళ్లాలి. థ్రెడ్లు ఎనిమిది నుంచి నాలుగుకు తగ్గించాను. నాలుగుతోనే ఎనిమిది కన్నా ముందు అయిపోయింది, ఫోన్ చల్లగా ఉంది. కోర్లు ఎన్ని ఉన్నాయన్నది ఒక ఎత్తు, యాప్ రాసినవాడు వాటిని ఎలా వాడాడన్నది ఇంకో ఎత్తు. ఈ విషయంలో మాలాంటి వాళ్లనే ఎక్కువ తిట్టాలి.

చిప్పులచిట్టా:

సరే, సగం వెనక్కి తీసుకుంటున్నాను. ఒక మాట చేరుస్తా. పోటీ ఇప్పుడు లెక్క పెంచడం మానేసి కోర్‌ను పెంచడం వైపు తిరిగింది. యాపిల్ 2017లో ఏ11 నుంచి ఐఫోన్లలో ఆరు కోర్ల దగ్గరే ఉంది, రెండు పెద్దవి, నాలుగు చిన్నవి. ఎనిమిదేసే పెట్టేవాళ్లు కూడా చిన్నవాటిని తీసేస్తున్నారు. 2023లో మీడియాటెక్ డైమెన్సిటీ 9300, 2024లో క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ 8 ఎలైట్, రెండింట్లోనూ పాత తరహా చిన్న కోర్ ఒక్కటీ లేదు. పెద్ద కోర్‌నే నిదానంగా నడిపినా కరెంటు ఆదా అవుతుందని, పని గబుక్కున ముగించి పడుకోవడం మేలని వాళ్ల లెక్క. ఖరీదైన చిప్‌లలో సిలికాన్ మీద చోటుంది కాబట్టి కుదిరింది. ఇక ఆక్టాకోర్ అన్న ఒక్క పదంతో మీ ఫోన్‌నీ వీటినీ ఒకే గాటన కట్టేస్తుంటే కొనేవాడు ఏం చేస్తాడు?

పాతపేజీలు:

అందరికీ థాంక్స్. రాత్రి కోర్ల వాడకం చూపించే యాప్ ఒకటి వేసి పీడీఎఫ్ తెరిచాను. మేస్త్రిగారు చెప్పినట్టే ఉంది. పేజీ తిప్పగానే ఒక్క గీత నిట్టనిలువుగా లేచి నిలబడింది, మిగతావి నేల మీదే ఉన్నాయి. పాపం వాటిని చూస్తే జాలేసింది.

ఒక సందేహం. ఒక పేజీని పంచలేం, సరే. కానీ గ్యాలరీలో ఫొటోల్లాగే పీడీఎఫ్‌లో ఈ పేజీకీ ఆ పేజీకీ సంబంధం లేదు కదా. నేను ఇది చదువుతుండగా ఆ ఖాళీగా ఉన్నవాళ్లు తర్వాతి పేజీలు విప్పి పెట్టొచ్చుగా?

థంబ్‌నెయిల్‌మేస్త్రి:

పెట్టొచ్చు. మంచి రీడర్ యాప్‌లు చేసే పని అదే. మీరు వాడుతున్నది చేయడం లేదని మీ గీతలే చెబుతున్నాయి. సెట్టింగ్స్‌లో పేజీలను ముందే సిద్ధం చేయడం గురించి ఏదైనా ఉందేమో చూడండి, లేకపోతే వేరే రీడర్ వేసుకోండి. రెండు మూడు పేజీలకు మించి అడగకండి. విప్పిన బొమ్మ ఫైలులో ఉన్నంత చిన్నది కాదు. 2,500 నిలువు, 1,800 అడ్డం పిక్సెళ్ల పేజీ పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున విప్పాక 18 ఎంబీ అవుతుంది. ఇరవై పేజీలు సిద్ధం చేయమంటే ర్యామ్ మీద పడుతుంది, సిస్టమ్ ఆ యాప్‌నే చంపేస్తుంది.

పాతపేజీలు:

నాలుగు రీడర్లు మార్చాను. మూడోదానిలో అలాంటి సెట్టింగ్ దొరికింది, ముందు రెండు పేజీలు అని పెట్టాను. ఇప్పుడు తిప్పడం ఆలస్యం, పేజీ వచ్చేస్తోంది. కోర్ల బొమ్మ చూస్తే రెండు మూడు గీతలు లేచి కూర్చుంటున్నాయి. మొదటిసారి ఫైలు తెరిచేటప్పుడు గుండ్రం ఇంకా తిరుగుతోంది, దాన్నేం చేయలేమని అర్థమైంది.

సాయంత్రం అక్కను పిలిచి పందెం మళ్లీ పెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు... పేజీలు తిప్పుకుంటూ పోయాం, ఈసారి సమానంగానే వచ్చాయి. అక్క కాసేపు అనుమానంగా చూసింది. తర్వాత నా ఫోన్ లాక్కుని నేరుగా 312వ పేజీకి దూకింది.